పెద్ద మాను కోయడానికి పెద్ద బారే కొనాలా?

ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో 72 సీసీ చైన్ సా మిషన్ కొన్నాను. దానికి 20 అంగుళాల బారు (చైను తిరిగే పొడవాటి ఇనప పలక) ఉంది. రోడ్డు పక్క చింతచెట్లు కొట్టే పని దొరికింది. అందులో 12 అడుగుల లావు మాన్లు కూడా ఉన్నాయి. షాపులో 36 అంగుళాల బారు వేసుకోమంటున్నారు, మా మామయ్య కూడా కొంటే పెద్దదే కొనమంటున్నాడు. చైన్లలో ఏది తీసుకోవాలో అర్థం కావడం లేదు. ఇప్పుడున్న చైను రోజుకి నాలుగుసార్లు మొద్దుబారిపోతోంది. ఇంకొకటి, కొట్టిన మొద్దులు అక్కడికక్కడే పలకలు కోయొచ్చా?"

తమ్ముడూ, 36 మాట కాసేపు పక్కన పెట్టు. నువ్వు రాసిన ఆ 12 అడుగులు ఏంటో ముందు తేల్చుకుందాం. అది తాడు చుట్టి కొలిచిన లావు, అంతేనా? మన వైపు కలప బేరమంతా చుట్టుకొలత మీదే నడుస్తుంది కాబట్టి అందరి నోటా అదే వస్తుంది. బారుకి కావలసింది మాత్రం అడ్డకొలత. చుట్టుకొలతని 3.14తో భాగిస్తే అడ్డకొలత వస్తుంది. 12 అడుగులంటే 144 అంగుళాలు, అంటే అడ్డం సుమారు 46 అంగుళాలు. మరి మిగతా చెట్లు? 12 అడుగులవి "కూడా" ఉన్నాయి అన్నావు, అంటే ఎక్కువ భాగం అంతకన్నా చిన్నవేగా. రేపు టేపు పట్టుకుని వెళ్ళి అన్నీ కొలిచి పుస్తకంలో రాసుకో. ఏడు అడుగుల చెట్టు అడ్డం 27 అంగుళాలు దాటదు. ఎనిమిది అడుగులదైతే 30, 31. నా అంచనా ఏంటంటే నీ పనిలో ముప్పాతిక వంతు చెట్లు ఈ లెక్కలోనే ఉంటాయి, 12 అడుగులవి రెండో మూడో ఉంటాయి. ఆ రెండింటి కోసం రోజంతా 36 అంగుళాల బారు మోస్తావా?

ఇంకో సంగతి. మాను అడ్డం ఎంతుంటే బారు అంత ఉండాలన్న రూలు ఎక్కడా లేదు. రెండు పక్కల నుంచీ కోయొచ్చు. 25 అంగుళాల బారుతో ఇటు నుంచి ఒక కోత, అటు నుంచి ఒక కోత వేస్తే 46 అంగుళాల మాను అందుతుంది. మిషన్ ముందుండే ఇనప ముళ్ళు ఒక్కో పక్క ఒక అంగుళం మింగేసినా సరిపోతుంది. చెట్టు పడే వైపు వేసిన గాటు వెనక, చెట్టుని పట్టుకునే బందు, అంటే కోయకుండా వదిలే చెక్క పట్టీ, ఎలాగూ ఉంచాలి. అడ్డకొలతలో పదో వంతు బందు వదలడం అలవాటు, నీ మానుకి నాలుగున్నర అంగుళాలు అనుకో. చింతకి మొదట్లో గోడల్లా వేళ్ళు ఉబ్బి ఉంటాయి కదా, ముందు వాటిని నిలువుగా ఒక కోత, అడ్డంగా ఒక కోత వేసి చెక్కేస్తే మొదలు ఇంకా సన్నబడుతుంది. కాకపోతే మొదట్లో తొర్ర ఉన్నా, పుచ్చు పట్టినా ఆ వేళ్ళే చెట్టుని నిలబెడుతూ ఉంటాయి, అప్పుడు వాటి జోలికి పోకు. అలాంటి చెట్టు సంగతి చేయి తిరిగినవాడు పక్కనుండగా చూసుకో, నువ్వొక్కడివే దిగకు.

ఇక మిషన్ బలం. షాపువాళ్ళు చెప్పనిదీ, చెప్పాల్సిందీ ఇదే. నీ మిషన్‌కి 3/8 అంగుళం పిచ్ (చైను లింకుల ఎడం) ఉన్న చైను ఉండాలి, ఆ సైజు మిషన్లకి మామూలుగా వచ్చేది అదే. మామూలు 3/8 చైనులో సుమారు ఒకటిన్నర అంగుళానికి ఒక పన్ను ఉంటుంది. 24 అంగుళాల బారు చెక్కలో పూర్తిగా దిగితే ఒకేసారి 16 పళ్ళు కొరుకుతున్నట్టు. 36 అంగుళాల బారు దిగితే 24 పళ్ళు. ఇంజను అదే, పెట్రోలు అదే, లాగాల్సిన బరువు మాత్రం ఒకటిన్నర రెట్లు. పైగా కొరుకుతున్నది మామిడి కాదు, చింత. మాంసం కొట్లలో మొద్దు చింతదే ఎందుకు పెడతారో నీకు తెలుసు. రోకళ్ళకీ గానుగలకీ పనికొచ్చిన చెక్క అది. పైన తెల్ల చెక్క ఉన్నంతసేపూ మిషన్ హుషారుగానే పోతుంది, ఆ లోపల నల్లగా ఊదారంగు చేవ తగలగానే ఇంజను గొంతు మారిపోతుంది. నువ్వు వినే ఉంటావు.

నేనెలా నేర్చుకున్నానో చెబుతాను, నవ్వుకోకు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి కొండల మీద పడిందిగా. పర్లాకిమిడి చుట్టూ రోడ్ల మీద పడిన చెట్లకి లెక్క లేదు. మిషన్ ఉన్న ప్రతివాడినీ పిలిచారు, నేనూ వెళ్ళాను. అప్పుడు నా దగ్గర 60 సీసీ మిషన్, 18 అంగుళాల బారు ఉండేవి. పెద్ద మాన్లు కదా అని తెలిసినవాళ్ళ దగ్గర 30 అంగుళాల బారు అడిగి తెచ్చి బిగించాను. మొదటి రోజు మామిళ్ళూ నిద్రగన్నేర్లూ, బాగానే పోయింది, నేనేదో కనిపెట్టినంత సంబరపడ్డాను. రెండో రోజు ఒక చింత అడ్డంగా పడి ఉంది. సగం దిగేసరికి చైను ఆగిపోతోంది, ఇంజను మాత్రం తిరుగుతోంది. అంటే క్లచ్ జారుతోందన్నమాట. అప్పుడైనా ఆపాలి కదా, ఆపలేదు, ఇంకొంచెం రేజ్ చేశాను. కాలిన వాసన, తర్వాత పొగ. కవర్ విప్పి చూస్తే క్లచ్ డ్రమ్ము నీలం రంగుకి తిరిగింది, స్ప్రింగు ఒకటి తెగి కింద పడింది. బారు కొస దగ్గర అంచులు కూడా నీలమే, ఎందుకంటే చిన్న మిషన్ ఆయిల్ పంపు అంత దూరం ఆయిల్ అందించలేకపోయింది. సాయంత్రానికి క్లచ్ మార్పించి, పాత 18 అంగుళాల బారే ఎక్కించి, అదే మానుని రెండు పక్కల నుంచీ కోసి గంటలో రోడ్డు ఖాళీ చేశాను. పక్కనున్న పెద్దాయన "ఈ పని పొద్దున్నే చేయొచ్చుగా బాబూ" అన్నాడు. ఏం చెప్పను.

కాబట్టి నీకు నా సలహా, 24 గానీ 25 గానీ కొను. కంపెనీని బట్టి ఒకరు 24 అమ్ముతారు, ఒకరు 25, తేడా పట్టించుకోవద్దు. ఆ 20 అంగుళాల బారు అమ్మేయకు. పడిన చెట్టు కొమ్మలు కొట్టడానికి, చిన్న చెట్లకి అదే సుఖం, నడుముకి కూడా. 28 దాకా 72 సీసీ లాగుతుంది, మెత్తని చెక్కలో. చింతలో లాగించడం నాకు ఇష్టం లేదు. 36 కావాలంటే 90 సీసీ పైన మిషన్ ఉండాలి. స్టిల్ కంపెనీలో 661, హస్క్‌వర్నా కంపెనీలో 395, అలాంటివి. వాటి మీదైనా నేనైతే స్కిప్ చైను వేస్తాను. స్కిప్ చైనంటే పన్నుకీ పన్నుకీ మధ్య ఎడం ఎక్కువ, మామూలు దానిలో మూడు పళ్ళున్న చోట రెండే ఉంటాయి. లెక్క వేసి చూడు, 36 అంగుళాల్లో స్కిప్ చైను పళ్ళు 16 దిగుతాయి, అంటే మామూలు చైను వేసిన 24 బారుతో సమానం. పొట్టు బయటికి పోవడానికి చోటు కూడా దొరుకుతుంది. పెద్ద బారుల మీద స్కిప్ వేసే కిటుకంతా ఇదే. ఎవరైనా ఎప్పుడైనా నీ మిషన్ మీద 36 పెట్టి తీరాలంటే స్కిప్ తప్ప వేరేది వేయకు, ఆ ఒక్క కోత అయ్యాక తీసేయ్.

చైను దగ్గరికి వద్దాం, నీ అసలు బాధ ఇక్కడే ఉంది. రోజుకి నాలుగుసార్లు మొద్దుబారుతోందంటే నీ చైను బహుశా ఫుల్ చిజల్ అయ్యుంటుంది. పన్నుని వేలి దగ్గర పెట్టుకుని చూడు, చేతికి గ్లవ్స్ వేసుకునే చూడు. పంటి పై పలకా పక్క పలకా కలిసే మూల సూటిగా, చతురంగా ఉంటే అది ఫుల్ చిజల్. ఆ మూల కొంచెం గుండ్రంగా తిరిగి ఉంటే సెమీ చిజల్. పచ్చి మామిడిలో, శుభ్రమైన చెక్కలో ఫుల్ చిజల్ దూసుకుపోతుంది, దాని ముందు సెమీ నిలబడదు. కానీ ఆ మూలే దాని బలహీనత. కాస్త మట్టి తగిలినా మొదట పోయేది అదే, అది పోయాక పన్ను కోయదు, గీకుతుంది. రోడ్డు పక్క చింత బెరడులో ఏముంటుంది చెప్పు, ముప్పై నలభై ఏళ్ళ దుమ్ము, ఎర్రమట్టి. పగుళ్ళలో సన్న కంకర కూడా చూశాను నేను. నీ పనికి సెమీ చిజలే. వేగం కొంచెం తగ్గుతుంది, కానీ మధ్యాహ్నం భోజనం దాకా పదును నిలుస్తుంది, రోజు లెక్కలో చూస్తే నీకే లాభం. కోసే చోట బెరడుని ముందు గొడ్డలితో చెక్కేస్తే ఇంకా మంచిది. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు.

మట్టి కన్నా పెద్ద శత్రువు ఇనుము. ఊరి చింతకి మేకులు కొట్టని మనిషి లేడు. ట్యూషన్ బోర్డులు, ఎన్నికల బోర్డులు, దీపాల తీగలు, అన్నీ దానికే. తిత్లీ అప్పుడే ఇంకో మానులో నా చైను ఒక్కసారిగా కిర్రుమని అరిచింది, నిప్పురవ్వలు లేచాయి. గొడ్డలితో చీల్చి చూస్తే ఎప్పుడో ఎద్దుని కట్టిన గొలుసు, నాలుగు అంగుళాల లోపలికి చెట్టు మింగేసింది, చుట్టూ చెక్క నల్లగా సిరా పోసినట్టు మరకపట్టి ఉంది. ఆ మరక గుర్తుపెట్టుకో. కోత ముఖంలో నీలి నలుపు చార కనబడిందంటే దగ్గర్లో ఇనుముంది. మిషన్ ఆపి వేరే చోట కోయి. ఇది ఒడియావాళ్ళు తెంతుళి అన్నా మనం చింత అన్నా అన్ని ఊళ్ళ చెట్లకీ ఒకటే.

చైను కొనేటప్పుడు మూడు సంగతులు సరిపోవాలి, ఒక్కటి తప్పినా డబ్బు వృథా. పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల లెక్క. పిచ్ చెప్పాను, 3/8. అందులోనే లో ప్రొఫైల్ అని చిన్న మిషన్ల చైను ఒకటి ఉంది, పేరులో 3/8 ఉంటుంది కానీ అది నీది కాదు, షాపులో ఒక్కోసారి అదే చేతిలో పెడతారు. గేజ్ అంటే బారు గాడిలోకి దిగే రెక్క మందం, 1.5 మిల్లీమీటర్లు గానీ 1.6 గానీ. 1.6 గాడిలో 1.5 చైను వేస్తే ఎక్కుతుంది, అందుకే మోసపోతాం. అది గాడిలో అటూ ఇటూ ఒరిగి కోత వంకర తిరుగుతుంది. 1.5 గాడిలో 1.6 అసలు దిగదు. డ్రైవ్ లింకులంటే కింద ఉండే ఆ రెక్కలే, ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి. 20 అంగుళాలకి మామూలుగా 72, 25కి 84 వస్తాయి, కానీ నా లెక్క నమ్మకు, బారు తోక మీద మూడు నెంబర్లూ చెక్కి ఉంటాయి, మిషన్ లోపలికి పోయే భాగంలో. మసి తుడిస్తే కనబడతాయి. నీది సెకండ్ హ్యాండ్ కాబట్టి పాత ఓనరు ఏం మార్చాడో తెలీదు, తుడిచి చూడు.

స్ప్రాకెట్, అంటే ఇంజను దగ్గర చైనుని తిప్పే పళ్ళ చక్రం, అది కూడా చూడు. చైను తిరిగే చోట లోతుగా గాడులు పడి ఉంటే కొత్త చైను దాని మీద వేయకు, అరిగిన స్ప్రాకెట్ కొత్త చైనుని నెలలో పాతది చేసేస్తుంది. రెండు చైన్లకి ఒక స్ప్రాకెట్ అని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. ఏడు పళ్ళదే వేయి. ఎనిమిది పళ్ళది వేస్తే స్పీడు పెరుగుతుందని ఎవరైనా చెబుతారు, పెరుగుతుంది కూడా, కానీ లాగే బలం తగ్గుతుంది, చింతలో నీకు కావలసింది ఆ బలమే.

పదును పెట్టడం గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్పకుండా వదలను. గుండ్రటి ఆకురాయి సైజు చైను డబ్బా మీదే రాసి ఉంటుంది, 3/8కి కంపెనీని బట్టి 5.2 గానీ 5.5 గానీ. కోణం 30 డిగ్రీలు అంటారు, చింతకి నేను 25 దగ్గర పెడతాను, అంచు కాస్త మందంగా ఉండి ఎక్కువసేపు ఆగుతుంది. ఒక్కో పన్నుకి మూడు నాలుగు రుద్దులు, లోపలి నుంచి బయటికి, వెనక్కి లాగేటప్పుడు ఆనించకుండా. ఇటువైపు పళ్ళు అరిగి అటువైపువి పొడుగ్గా ఉంటే కోత ఒక పక్కకి ఈడుస్తుంది. అందరూ బారు వంగిందనుకుంటారు, బారుది తప్పు కాదు. పంటి ముందు చిన్న మూపులాంటిది ఉంది చూడు, డెప్త్ గేజ్ అంటారు, అది పన్ను కన్నా 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పన్ను అరిగేకొద్దీ అదీ తగ్గించాలి, దానికి గేజ్ రేకు అమ్ముతారు, కంటి అంచనాతో రుద్దొద్దు. ఎక్కువ తగ్గిస్తే పన్ను పెద్ద ముక్క కొరికి మిషన్ ఎగిరెగిరి పడుతుంది. నీ చైను పదును తెలుసుకోవడానికి పొట్టు చాలు. అడ్డకోతలో పేళ్ళు పేళ్ళుగా రాలుతుంటే పదునుంది, గోధుమపిండిలా రాలుతుంటే ఆపి రుద్దు. నొక్కి కోయడం మొదలుపెట్టావంటే అప్పటికే ఆలస్యమైంది.

బారు పెద్దది చేసినప్పుడు ఆయిల్ మర్చిపోకు. కొన్ని మిషన్లకి అడుగున చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే ఆయిల్ పెరుగుతుంది. చెక్కలో పెట్టే ముందు బారు కొసని తెల్ల అట్టముక్క వైపు తిప్పి, కాస్త దూరంలో ఉంచి రేజ్ చెయ్యి, అట్ట మీద సన్నగా ఆయిల్ గీత పడాలి. పడలేదా, కోయొద్దు. బండి లోంచి తీసిన నల్ల ఆయిల్ పోయడం మన దగ్గర మామూలే, చవకే, కానీ అందులో ఇనప రజను ఉంటుంది, అది బారునీ పంపునీ తినేస్తుంది. చైను బిగింపు చల్లగా ఉన్నప్పుడు, బారు కొస పైకెత్తి పట్టుకుని చెయ్యి. మధ్యాహ్నం వేడికి సాగితే మళ్ళీ బిగిస్తావు కదా, సాయంత్రం పని ఆపగానే వదులు చేసే పెట్టు. చల్లారితే చైను కుంచించుకుని బారునీ క్రాంకునీ లాగి పట్టేస్తుంది. చైను పదును పెట్టినప్పుడల్లా బారుని తిరగేసి వేసుకుంటే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి.

పలకల సంగతికొస్తే, వద్దు. నిలువు కోతకి పది డిగ్రీల పదునుతో వేరే చైను వస్తుంది, దాన్ని నడిపే చట్రమూ కావాలి, పెద్ద చింత మొద్దు మీద 72 సీసీ మిషన్ ఏడుస్తుంది. కోతమిల్లుకి తోలు.

పెద్ద బారుతో ఇంకో భయం ఉంది. కొస ఎక్కడుందో నీకు కనబడదు. చైను సెకనుకి ఇరవై మీటర్లు పైన పరిగెడుతుంది, కొస పైభాగం అవతల దాగిన కొమ్మకో రాయికో తగిలిందంటే బారు పైకి లేచి మొహం మీదికొస్తుంది. చైన్ బ్రేక్ పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున్న ఒకసారి చూసుకో, సెకండ్ హ్యాండ్ మిషన్లలో ఇది చాలాసార్లు బిగుసుకుపోయి ఉంటుంది. లుంగీ కట్టుకుని కోసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, వాళ్ళకి చెప్పీ చెప్పీ విసిగిపోయాను, నువ్వు ప్యాంటు, బూట్లు, కళ్ళకి అద్దాలు లేకుండా మిషన్ స్టార్ట్ చేయకు. చెట్టు కొట్టడానికి పర్మిషన్ కాగితం కాంట్రాక్టరు దగ్గర ఉందని వదిలేయకుండా, జిరాక్సు ఒకటి నీ జేబులో ఉంచుకో.

మామయ్యగారితో వాదించకు, ఆయన్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఆ 12 అడుగుల మాను పక్కన నేల మీద 46 అంగుళాల గీత గీసి, దాని మీద ఇటు నుంచి 24 అంగుళాలు, అటు నుంచి 24 కొలిచి చూపించు. మధ్యలో ఏం మిగిలిందో ఆయనే చూస్తాడు. 36 బారు, దాని చైన్ల మీద పెట్టే డబ్బుతో ఒక 25 బారు, రెండు సెమీ చిజల్ చైన్లు, స్ప్రాకెట్, ఆకురాళ్ళు, చీలికలో దిగ్గొట్టడానికి రెండు ప్లాస్టిక్ వెడ్జులు చూసుకో, చాలావరకు వచ్చేస్తాయి. షాపుకి వెళ్ళేటప్పుడు మిషనూ పాత బారూ రెండూ పట్టుకెళ్ళు. ఒక కంపెనీ బారు ఇంకో కంపెనీ మిషన్‌కి చాలాసార్లు బోల్టుల దగ్గర సరిపోదు, సరిపోయినట్టు కనిపించినా ఆయిల్ రంధ్రం ఎదురెదురుగా రాకపోవచ్చు. బిల్లు కట్టకముందే అక్కడే బిగించి, గ్లవ్స్ వేసుకుని చైనుని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడు, ఎక్కడైనా పట్టిందంటే అక్కడే వాపసు ఇచ్చెయ్.